ప్రభుత్వాసుపత్రిలో మెనోపాజ్‌కి హార్మోన్ మందు రాయట్లేదు, ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 50, పీరియడ్స్ ఆగిపోయి ఏడాది దాటింది, పగలు ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేదు. ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఒకసారి క్యాల్షియం, ఇంకోసారి నిద్రమాత్రలు ఇచ్చి పంపారు. మీరే నోరు తెరిచి హార్మోన్ మందు సంగతి అడిగితే "అవి వాడితే క్యాన్సర్ వస్తుంది, అందరికీ ఉండేదే కదా, ఓర్చుకోవాలి" అన్నారు. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేదు. అక్కడే ఆ మందు రాయించుకునే దారి ఏమైనా ఉందా అని.

ఉందండీ. మీరు రాసిన వయసుకి, మీరు చెప్పిన బాధలకి, మీకు వేరే పెద్ద జబ్బులు లేకపోతే ఈ మందు రాయడానికి వైద్యపరంగా అడ్డేమీ లేదు. ఆవిర్లకి ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. అయితే మీరు వెళ్లే పద్ధతి కొంచెం మార్చాలి. "నాకు హార్మోన్లు కావాలి" అని అడగడం మానేసి, డాక్టర్ ఆ మందు రాయాలంటే ఏమేం తెలుసుకోవాలో అవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం చీటీ మీద రాయించుకోండి. నా అనుభవంలో సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది.

నేను ప్రభుత్వ ఆసుపత్రి గైనిక్ ఓపీలో చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు మెనోపాజ్ క్లినిక్ చూస్తున్నాను. అంటే మీకు "కాదు" అని చెప్పిన కుర్చీలో నేనూ కూర్చున్నదాన్నే. కాబట్టి ముందు అటువైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను, అది తెలిస్తే మీ పని సులువవుతుంది.

ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ టైములో హార్మోన్ మందు రాయాలంటే గర్భసంచి ఉందా, ఆఖరి పీరియడ్ ఎప్పుడు, మధ్యలో బ్లీడింగ్ ఏమైనా అయిందా, రొమ్ములో గడ్డ ఉందా, బీపీ ఎంత, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, లివర్ ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా, ఇవన్నీ అడగాలి. క్యాల్షియం రాయాలంటే ఏమీ అడగక్కర్లేదు. బయట ఇంకా యాభై మంది నిలబడి ఉన్నప్పుడు పెన్ను ఎటు పోతుందో మీరే ఊహించుకోండి. పైగా క్యాల్షియం రాసినందుకు రేపు ఎవరూ నిలదీయరు, హార్మోన్ రాసిన మనిషికి రెండేళ్ల తర్వాత ఏ జబ్బు వచ్చినా "ఆ మందు వల్లే" అంటారు. "వద్దు" అనడం డాక్టర్‌కి ఎప్పుడూ సేఫ్. ఇది సమర్థించడం కాదు, జరుగుతున్నది చెప్తున్నాను.

ఇక ఆ క్యాన్సర్ మాట ఎక్కడిది? దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మిమ్మల్ని భయపెట్టింది ఇదే, మీ డాక్టర్‌ని భయపెట్టిందీ ఇదే.

2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది, అందరూ గర్భసంచి ఉన్నవాళ్లు, వయసు 50 నుంచి 79 దాకా, సగటు 63. అంటే చాలామందికి పీరియడ్స్ ఆగిపోయి పదేళ్లు దాటేసింది. వాళ్లకిచ్చింది కూడా ఒకే రకం మాత్ర: కడుపుతో ఉన్న ఆడగుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, దానితో మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే, ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే కృత్రిమ హార్మోన్. ఆ మందు వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందని ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. ఆ 26 శాతం అంటే ఏంటో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. మందు వాడని 10,000 మందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, వాడిన 10,000 మందిలో 38 మందికి వచ్చింది. తేడా 8 మంది. గుండెజబ్బు 7, పక్షవాతం 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు 8 ఎక్కువ. అదే లెక్కలో తుంటి ఎముక విరగడం 5, పెద్దపేగు క్యాన్సర్ 6 తక్కువ. అది మాత్రం పెద్దగా ఎవరికీ గుర్తులేదు.

అదే అధ్యయనంలో గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. 2004లో ఆ భాగాన్నీ ఆపేశారు, పక్షవాతం ఎక్కువైందని. కానీ రొమ్ము క్యాన్సర్ మాత్రం వాళ్లలో పెరగలేదు. రెండు గుంపులనూ మొత్తం 18 ఏళ్లు గమనించి 2017లో లెక్క బయటపెడితే, మందు వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ చావుల్లో తేడా లేదు. నార్త్ అమెరికన్ మెనోపాజ్ సొసైటీ 2022లో చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది: వయసు 60 లోపు ఉండి, లేదా పీరియడ్స్ ఆగి పదేళ్లు దాటకుండా ఉండి, అడ్డు వచ్చే జబ్బులు లేని ఆడవాళ్లలో ఆవిర్లకు ఈ మందు ఇస్తే నష్టం కంటే లాభమే ఎక్కువ. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2015లో మార్గదర్శకాలు ఇచ్చి 2024లో మళ్లీ సవరించింది, అందులోనూ ఆవిర్లకు హార్మోన్ చికిత్స ఇవ్వమనే ఉంది. 2025 నవంబరులో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ ఈ మందుల లేబుల్ మీద గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు గురించి నల్ల గడిలో ఉండే పెద్ద హెచ్చరికను తీసేయిస్తున్నట్టు ప్రకటించింది.

రిస్క్ అసలు లేదని నేను అనట్లేదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ రిస్క్ కొంచెం పెరుగుతుంది, ఎన్నేళ్లు వాడితే అంత. అది దాచిపెట్టి మందు రాసే డాక్టర్ కూడా మంచి డాక్టర్ కాదు. కానీ "వాడితే క్యాన్సర్ వస్తుంది" అనే మాటకీ దీనికీ చాలా దూరం ఉంది. 2002 తర్వాత చదువుకుని బయటికొచ్చిన డాక్టర్లలో చాలామందికి ఈ మందు ఎలా మొదలుపెట్టాలి, డోసు ఎంత, ఎప్పుడు మార్చాలి అన్నది ఎవరూ దగ్గరుండి నేర్పలేదు. తెలియని మందు ఎవరూ రాయరు. అందుకే మీకు ఎదురయ్యేది మొండితనం కంటే ఎక్కువగా అలవాటు లేకపోవడం.

సరే, కాగితం మీద ఏం రాయాలి?

అర పేజీ చాలు, అంతకంటే పెద్దది ఎవరూ చదవరు. నా దగ్గరికి ఒకావిడ తెచ్చిన కాగితం చూసి ఇప్పుడు అందరికీ అలాగే రాయమంటున్నాను. ఇంచుమించు ఇలా ఉంది:

"వయసు 51. ఆఖరి పీరియడ్ పోయిన ఏడాది మార్చిలో. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా కనిపించలేదు. గర్భసంచి, అండాశయాలు రెండూ ఉన్నాయి. ఆవిర్లు పగలు 8 సార్లు, రాత్రి 4 సార్లు. రాత్రి రెండుసార్లు బట్టలు మార్చుకోవాల్సి వస్తోంది. మూడు నెలలుగా వరసగా నాలుగు గంటల నిద్ర లేదు. బీపీ 128/82, పోయిన వారం చూపించాను. షుగర్ లేదు. కాళ్లలో గడ్డలు, గుండెపోటు, పక్షవాతం, లివర్ జబ్బు ఎప్పుడూ లేవు. రొమ్ములో గడ్డ లేదు. ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ లేదు. సిగరెట్ లేదు. ఇప్పుడు వాడే మందులు: థైరాయిడ్ మాత్ర 50. వాడి చూసినవి: క్యాల్షియం, నిద్రమాత్ర, ఆవిర్లు తగ్గలేదు."

అంతే. ఇది చదవడానికి అర నిమిషం. మందు రాయాలంటే అడగాల్సినవన్నీ ఇందులో అయిపోయాయి, ఇక మిగిలింది రాయడమే. ముఖ్యంగా "రాత్రి రెండుసార్లు బట్టలు మార్చుకోవాలి" లాంటి లైన్ ఉండాలి. "బాగా ఇబ్బందిగా ఉంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఓపీలో ప్రతివాళ్లూ అదే అంటారు. రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రోజూ లెక్క రాసుకుంటే ఆ అంకెలు వస్తాయి.

ఆఖరి పీరియడ్ తేదీ గురించి ఇంకో మాట. ఒకావిడ నా దగ్గరికి లావుపాటి ఫైలుతో వచ్చింది. గుండె దడ అని మొదలైంది, ఈసీజీ, ఎకో తీశారు, బాగానే ఉన్నాయి. తర్వాత థైరాయిడ్ చూశారు. తర్వాత టెన్షన్ అని సైకియాట్రీకి పంపారు, అక్కడ మాత్రలు ఇచ్చారు. ఫైల్లో ఉన్న ప్రతి ఓపీ చీటీ మీదా ఎల్‌ఎంపీ అని ఒక గడి ఉంది, ఆఖరి పీరియడ్ తేదీ రాసే చోటు. అన్నిటిలోనూ ఒక అడ్డగీత. అడిగినవాళ్లు లేరు, ఆవిడకీ చెప్పాలని తోచలేదు, గుండె దడకీ పీరియడ్స్‌కీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? తేదీ అడిగితే పద్నాలుగు నెలల కిందట అంది. రాత్రిళ్లు దడ వచ్చే ముందు ఒళ్లంతా వేడెక్కుతుందా అంటే "అవునండీ, మీకెలా తెలుసు" అంది. కాబట్టి మీ గడి మీరే నింపుకోండి.

డాక్టర్ ముందు కూర్చున్నాక కాగితం ఇచ్చి, ఈ ముక్క అడగండి: "డాక్టర్‌గారూ, నాకు హార్మోన్ మందు ఇవ్వకూడదనడానికి నా ఒంట్లో ప్రత్యేకంగా కారణం ఏమైనా ఉందా?" గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడగండి. కారణం ఉంటే చెప్తారు, అది మీకు పనికొచ్చే సంగతే. లేకపోతే ఆలోచనలో పడతారు. "క్యాన్సర్ వస్తుంది" అని మళ్లీ అంటే, "నా వయసుకి, నాకున్న ఆరోగ్యానికి ఎంత రిస్కో చెప్పండి, తర్వాత నేనే ఆలోచించుకుంటాను" అనండి. అప్పటికీ కుదరదంటే, "అయితే ఎందుకు వద్దన్నారో చీటీ మీద రాసి, గైనిక్‌లో పెద్ద డాక్టర్‌గారికి రిఫర్ చేయండి" అనండి. ప్రభుత్వాసుపత్రిలో వెళ్లిన ప్రతిసారీ వేరే డాక్టర్ ఉంటారు, పోయినసారి ఏం మాట్లాడారో ఎవరికీ తెలియదు, చీటీ మీద ఉన్నదే మిగులుతుంది. నోటితో "వద్దు" అనడం తేలిక. అదే మాట సంతకం పెట్టి రాయాలంటే మాత్రం ఒకసారి పుస్తకం తిరగేస్తారు, లేదా పక్క రూములో సీనియర్‌ని అడుగుతారు. రెండూ మీకు మంచిదే.

రక్తపరీక్ష చేస్తే కానీ చెప్పలేం అంటే? 45 దాటి, ఈ లక్షణాలు ఉన్నవాళ్లకి ఎఫ్‌ఎస్‌హెచ్ (మెనోపాజ్‌లో పెరిగే ఒక హార్మోన్) పరీక్ష అవసరం లేదు. ఆ అంకె ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి ఉంటుంది. నార్మల్ అని వచ్చినంత మాత్రాన మీకు మెనోపాజ్ కాదని కాదు. 40 లోపు వాళ్లకైతే పరీక్షలు తప్పనిసరి, అది వేరే సంగతి, కింద చెప్తాను.

"మందు మా దగ్గర లేదు" అంటే? ఇది అన్నిటికంటే మామూలుగా వినిపించే మాట, చాలాసార్లు నిజం కూడా. ఆసుపత్రి మందుల జాబితాలో ఉన్నదే కౌంటర్లో దొరుకుతుంది. ఇక్కడ లోపలివాళ్లకి తెలిసిన ఒక కిటుకు చెప్తాను. హార్మోన్ చికిత్స అంటే ఒకే మందు కాదు, రెండు భాగాలు. ఆవిర్లు తగ్గించేది ఈస్ట్రోజెన్. గర్భసంచి ఉన్నవాళ్లలో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే లోపలి పొర మందంగా పెరిగి క్యాన్సర్‌కి దారితీయొచ్చు, అలా జరగకుండా కాపాడేది ప్రొజెస్టిరాన్. ఈ రెండో భాగం గైనిక్ విభాగంలో వేరే అవసరాలకు వాడుతూనే ఉంటారు కాబట్టి తరచుగా అక్కడే దొరుకుతుంది. గర్భం రాకుండా గర్భసంచిలో వేసే హార్మోన్ లూప్, అంటే 52 మిల్లీగ్రాముల లెవోనోర్జెస్ట్రెల్ ఉన్నది వేయించుకుంటే ఐదేళ్లపాటు ఆ రెండో భాగం పని అదే చేస్తుంది. అప్పుడు బయట నుంచి తెచ్చుకోవాల్సింది ఈస్ట్రోజెన్ ఒక్కటే.

ఈస్ట్రోజెన్‌లో కూడా ఒక రకం లేదంటే ఇంకో రకం ఉందేమో అడగండి. ఎస్ట్రడయోల్ మాత్ర 2 మిల్లీగ్రాములు, 50 మైక్రోగ్రాముల ప్యాచ్, 0.06 శాతం జెల్ రెండు పంపులు, ఈ మూడూ దాదాపు ఒకే బలం. మొదలుపెట్టేటప్పుడు సాధారణంగా ఇందులో సగంతో మొదలుపెడతాం. ప్యాచ్, జెల్ చర్మం ద్వారా వెళ్తాయి, లివర్ మీదుగా ముందు పోవు, అందుకే రక్తం గడ్డకట్టే రిస్క్ వాటితో పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు, మాత్రతో కొంచెం పెరుగుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లు, బీపీ, షుగర్, మైగ్రేన్ ఉన్నవాళ్లు ప్యాచో జెల్లో అడగడమే మంచిది. ఇంకా పీరియడ్స్ అటూ ఇటూ వస్తూ, 50 లోపు ఉండి, బీపీ, సిగరెట్, ఆరాతో (నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపించి) వచ్చే మైగ్రేన్ లాంటివి ఏవీ లేనివాళ్లకి మామూలు గర్భనిరోధక మాత్రలతో కూడా ఆవిర్లు తగ్గుతాయి, అవి దాదాపు ప్రతి ప్రభుత్వ కేంద్రంలోనూ ఉంటాయి. మీ వయసుకి అది కుదరదు, కానీ ఇది చదివే చెల్లెళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

జాబితాలో లేని మందు తెప్పించడానికి చాలాచోట్ల ఒక పద్ధతి ఉంటుంది, విభాగాధిపతి సంతకంతో ప్రత్యేకంగా ఇండెంట్, అంటే ఆ మందు కావాలని రాతపూర్వక ఆర్డర్ పెడతారు. దాని గురించి మందుల కౌంటర్లో ఉన్న ఫార్మసిస్ట్‌ని అడగండి, ఓపీ డాక్టర్ కంటే ఆయనకే బాగా తెలుస్తుంది.

ఎవరికి "వద్దు" అన్నది సరైన మాటే? రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నవాళ్లకి, కారణం తెలియని బ్లీడింగ్ అవుతున్నవాళ్లకి, ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకి, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉన్నవాళ్లకి, లివర్ జబ్బు ముదిరి ఉన్నవాళ్లకి. వీళ్లకి డాక్టర్ ఆపితే పోట్లాడొద్దు. మీకు ఏడాది దాటింది కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను, ఈ ఏడాదిలో ఎప్పుడైనా మరక కనిపించినా సరే, ముందు స్కానింగ్ తీయించుకోండి. లోపలి పొర 4 మిల్లీమీటర్ల కంటే మందంగా ఉంటే ముక్క తీసి పరీక్ష చేయాలి, హార్మోన్ సంగతి ఆ తర్వాతే.

ఇంకొన్ని "ఇప్పుడు వద్దు"లు ఉంటాయి. ఒకావిడ బీపీ 170/110 ఉండగా వచ్చి మందు రాయమంది. రాయలేదు. ఆవిడకి కోపం వచ్చింది, బయటికెళ్లి నన్ను తిట్టిందని సిస్టర్ చెప్పింది. బీపీ అదుపులోకి వచ్చాక జెల్ రాశాను, బాగానే ఉంది. ఇలాంటివి తిరస్కరణలు కావు, వాయిదాలు. మీకు చెప్పింది ఏదో కనుక్కోండి.

తిరగబడి అడగాల్సిన కేసు ఒకటుంది. 40 లోపే పీరియడ్స్ ఆగిపోయినవాళ్లు, లేదా ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసినవాళ్లు. వీళ్లకి హార్మోన్ అనేది ఆవిర్ల కోసం మాత్రమే కాదు, ఎముకలు గుల్లబారకుండా, గుండె దెబ్బతినకుండా ఉండడానికి. వద్దనడానికి గట్టి కారణం లేకపోతే, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు, అంటే దాదాపు 51 దాకా వాడాలి. 38 ఏళ్ల అమ్మాయికి రెండూ తీసేసి, డిశ్చార్జి కాగితంలో హార్మోన్ ప్రస్తావనే లేకుండా పంపేశారు, ఏడాది తర్వాత నా దగ్గరికి వచ్చేసరికి కీళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతోంది. 2002 నాటి లెక్కలు 63 ఏళ్ల వాళ్లవి. అవి చూపించి 38 ఏళ్ల మనిషికి మందు ఆపడం ఏ విధంగా చూసినా తప్పే. అలాంటివాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఆ డిశ్చార్జి కాగితం పట్టుకుని రేపే వెళ్లండి. గర్భసంచి లేదు కాబట్టి మీకు చాలావరకు ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

హార్మోన్ పడనివాళ్లకీ, వద్దనుకునేవాళ్లకీ వేరే మందులున్నాయి, వీటిలో కొన్ని ప్రభుత్వ కౌంటర్లో ఇంకా సులువుగా దొరుకుతాయి. వెన్లాఫాక్సిన్, పారోక్సిటిన్ లాంటివి డిప్రెషన్ మందులే అయినా ఆవిర్లను తగ్గిస్తాయి. సైకియాట్రీ మందు ఇచ్చారు, నాకు పిచ్చి అనుకుంటున్నారా అని బాధపడకండి. ఒక్క జాగ్రత్త: రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లు పారోక్సిటిన్ తీసుకోకూడదు, అది టామాక్సిఫెన్ పనిని తగ్గించేస్తుంది. రాత్రి చెమటలే ఎక్కువైతే పడుకునే ముందు గాబాపెంటిన్ బాగా పనిచేస్తుంది. ఫెజోలినెటాంట్ అని కొత్త మందుకి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, హార్మోన్ కాదు, మెదడులో వేడిని అదుపు చేసే చోట పనిచేస్తుంది. దానికి లివర్ పరీక్షలు మధ్యమధ్యలో చేయించుకోవాలి. సోయా గింజల మాత్రలు, బ్లాక్ కోహోష్, ప్రింరోజ్ ఆయిల్ లాంటి వాటి మీద డబ్బు పెట్టకండి. నా క్లినిక్‌లో వాటివల్ల తగ్గిందన్నవాళ్లకి రెండు నెలల్లో మళ్లీ మొదలైంది.

మీరు రాయలేదు కానీ నేనే అడుగుతాను: కింద పొడిబారడం, మంట, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నాయా? ఓపీలో ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు. అంతా అయిపోయి, చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "ఇంకోటండీ..." అని గొంతు తగ్గిస్తారు. అప్పటికి నెక్స్ట్ పేషెంట్ లోపలికి వచ్చేసి ఉంటుంది. ఇది కూడా కాగితంలో రాసేయండి, నోటితో చెప్పే పని తప్పుతుంది. దీనికి యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ లేదా చిన్న మాత్ర ఉంటుంది, రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. 10 మైక్రోగ్రాముల మాత్ర ఏడాది పొడుగునా వాడితే మొత్తం కలిపి ఒక్క మిల్లీగ్రాము పైచిలుకు, అంటే నోటితో వేసుకునే మాత్ర ఒక రోజు డోసు అంత. దీనికి ప్రొజెస్టిరాన్ తోడు అక్కర్లేదు. దీన్ని కూడా "హార్మోన్, క్యాన్సర్" అని ఆపే డాక్టర్లు ఉన్నారు, అది నాకు అస్సలు మింగుడుపడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందు తమ క్యాన్సర్ డాక్టర్‌ని అడగాలి.

మందు మొదలయ్యాక కొన్ని: మొదటి వారంలోనే తగ్గలేదని ఆపేయకండి, ఆవిర్లు తగ్గడం కొన్ని వారాల్లో మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. మొదట్లో రొమ్ములు సలపడం, కొంచెం బ్లీడింగ్ కావడం మామూలే. ఆరు నెలలు దాటినా బ్లీడింగ్ ఆగకపోతే, లేదా ఆగి మళ్లీ మొదలైతే చూపించుకోవాలి. రెండో భాగంగా మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ అనే రకం ఇస్తే రాత్రి పడుకునేటప్పుడే వేసుకోండి, మగతగా ఉంటుంది, నిద్ర లేనివాళ్లకి అదీ ఒక మేలే. గర్భసంచి ఉన్నవాళ్లు "ఆ రెండో మాత్ర పడట్లేదు" అని అదొక్కటే మానేసి ఈస్ట్రోజెన్ కొనసాగించొద్దు, ప్రమాదం నిజంగా ఉన్నది అక్కడే. మూడు నెలలకి రివ్యూ, తర్వాత ఏడాదికోసారి. ఆ మూడు నెలల తేదీ మొదటి రోజే చీటీ మీద వేయించుకోండి, లేకపోతే మళ్లీ కొత్త డాక్టర్, మళ్లీ మొదటి నుంచి. మందు ఎన్నేళ్లు అనే దానికి గీత గీసిన లెక్క లేదు, ప్రతి ఏడాదీ అవసరం ఉందా లేదా చూసుకుని కొనసాగించడమే. స్టాక్ అయిపోయిందంటే పైన చెప్పిన సమాన డోసుల లెక్క చూపించి వేరే రకం అడగండి.

ఇంత చేసినా ఎవరూ వినకపోతే? రాతపూర్వకంగా సూపరింటెండెంట్‌కి ఒక అర్జీ ఇవ్వండి, ఫలానా తేదీల్లో వచ్చాను, ఫలానా కారణం చెప్పారు, రెండో అభిప్రాయం కావాలి అని. డాక్టర్ మీద ఫిర్యాదులా కాకుండా రెండో అభిప్రాయం కోసం విన్నపంలా రాయండి, పని త్వరగా అవుతుంది. పెద్ద బోధనాసుపత్రి అందుబాటులో ఉంటే నేరుగా అక్కడి గైనిక్ ఓపీకి వెళ్లడం ఇంకా సులువు, మెనోపాజ్‌కి విడిగా ఒక రోజు కేటాయించే చోట్లు కూడా ఉన్నాయి, కౌంటర్లో అడిగితే చెప్తారు. ఒకవేళ ఒక్కసారికి ప్రైవేటు డాక్టర్‌కి చూపించుకోగలిగితే, మందు పేరు, డోసు, ఎందుకు మొదలుపెట్టారు, రివ్యూ ఎప్పుడు అన్నవి రాయించుకుని ఆ కాగితంతో ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. కొత్తగా మొదలుపెట్టడానికి జంకే డాక్టర్లు, వేరేవాళ్లు మొదలుపెట్టింది కొనసాగించడానికి అంతగా జంకరు.

మీ ప్రశ్నలో రెండు సంగతులు లేవు: గర్భసంచి ఉందా తీసేశారా, బీపీ ఎంత ఉంటోంది. ఈ ఏడాదిలో స్కానింగ్ ఏమైనా తీసి ఉంటే అందులో లోపలి పొర మందం ఎంత రాశారో కూడా చూసి ఇక్కడే కింద రాయండి. ఏ రకం అడగాలో, ఎంత డోసుతో మొదలుపెట్టమని అడగాలో అప్పుడు కచ్చితంగా చెప్తాను.